కట్ల మేస్త్రి కూతురి కుడిచెయ్యి

పెద్దాసుపత్రి వెనక వరండాలో, ఎక్సరే గదికీ మందుల స్టోరుకీ మధ్య ఉన్న గదిలో కట్ల మేస్త్రి కొలువు తీరి రెండు దశాబ్దాలు దాటింది. ఉద్యోగపు కాగితాల్లో ఆయన హోదా ఇంకేదో పొడుగ్గా ఉంటుంది కానీ, దాన్ని చివరిదాకా చదివినవాళ్లు లేరు. విరిగిన చేతులకీ కాళ్లకీ సుద్దకట్టు వెయ్యడం ఆయన పని. తడి సుద్దను అరచేత్తో నిమిరి నిమిరి గోడకి నునుపు తేల్చినట్టు తేలుస్తాడు కనుక, ఎవరో ఓసారి మేస్త్రీ అని పిలిచారు. పిలిచినవాళ్లు వేళాకోళానికే పిలిచారు. ఆయన బిరుదుగా పుచ్చుకున్నాడు.

పుచ్చుకునే అర్హత లేకపోలేదు. ఆయన కట్టు వేస్తుంటే చూడాలి. బకెట్టులో గోరువెచ్చని నీళ్లు పోసి, వేడి సరిపోయిందో లేదో మోచెయ్యి ముంచి చూసేవాడు. సుద్ద పట్టించిన గుడ్డచుట్టను నీళ్లలో నిలువుగా ముంచాక, బుడగలు ఆగేదాకా పెద్ద డాక్టరు వచ్చి పలకరించినా పలికేవాడు కాదు. తరవాత దూది పొర, దాని మీద చుట్ట, చుట్ట మీద చుట్ట, ప్రతి చుట్టకీ ఓ అరచేతి నిమురు. గట్టిపడేటప్పుడు కట్టు లోపల వేడెక్కుతుంది. ఆ వేడికి రోగులు కంగారుపడితే, అది సుద్ద మనిషిని పరిచయం చేసుకోవడమని చెప్పేవాడు. కట్టు విప్పే రోజున గిర్రున మోగే రంపాన్ని ముందు తన అరచేతి మీద ఆనించి చూపించి, ఇది గట్టిదాన్నే కోస్తుంది, మెత్తనిదాన్ని ఏమీ అనదు, లోకంలో ఇంత మర్యాద తెలిసిన రంపం ఇంకోటి లేదు అనేవాడు. కుర్రాళ్లు స్నేహితుల చేత కట్టు మీద పేర్లూ బొమ్మలూ రాయించుకుని తిరిగొస్తే మాత్రం ఆయన ప్రాణం చివుక్కుమనేది. ఆ పూట ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

అయితే ప్రతి వృత్తికీ దానికంటూ ఒక చత్వారం ఉంటుంది. మేస్త్రి ఇన్నేళ్లుగా చూసిందల్లా విరిగినవాళ్లనే. సాయంత్రం మైదానంలో వందమంది ఆడి, ఇంటికి పోయి, భోంచేసి పడుకుంటే ఆ వందమందితో ఆయనకి పరిచయం లేదు. నూటొకటోవాడు మర్నాడు పొద్దున్నే ఆయన బల్ల మీద ఉండేవాడు. అందుచేత ఆటస్థలం అన్నది తన గదికి మనుషుల్ని సరఫరా చెయ్యడానికి ఎవరో తెరిచిన కార్ఖానా అని ఆయన నిష్కర్షగా నమ్మాడు. సైకిలంటే రెండు చక్రాల మీద నడిచే కుట్ర. చెట్లు ఉన్నది మనుషులు పడడానికి. ఇక, కాలుజారి మణికట్టు విరగ్గొట్టుకుని వచ్చే పెద్దవయసు ఆడవాళ్ల సంగతి ఉంది. వాళ్లు జన్మలో మైదానం మొహం చూసినవాళ్లు కారు. వాళ్ల కేసులో నేరాన్ని ఆయన స్నానాల గదుల మీద మోపి, విచారణ ముగించాడు.

ఇలాంటి మనిషికి ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్ల నడక నేర్చిన రోజు నుంచి ఇంట్లో నేల కనిపించలేదు, అంతా రబ్బరు చాపలే. మంచం కోళ్లు కోయించి, మంచాన్ని జానెడు ఎత్తుకి దించాడు. ముక్కాలి పీటలకి దేశ బహిష్కారం. పిల్ల బళ్లో చేరగానే హెడ్‌మిస్ట్రెస్‌ని స్వయంగా కలిసి, ఎముకల గురించి ఆవిడకి అరగంట ఉపన్యాసమిచ్చి, ఆటల పీరియడు నుంచి మినహాయింపు సంపాదించాడు. మిగతా పిల్లలు గంతులేస్తుంటే ఈ పిల్ల వరండాలో వాళ్ల నీళ్లసీసాలకి కాపలా కూర్చునేది.

ఇదంతా చూసి చూసి ఆయన అక్కగారు ఓ రోజు అడగనే అడిగింది. "ఒరే తమ్ముడూ, నువ్వు పెంచుతున్నది ఆడపిల్లనా, ట్యూబులైటునా?"

ట్యూబులైటులో రెండు వందల ఆరు ఎముకలుండవని మేస్త్రి గంభీరంగా జవాబిచ్చాడు.

ఈ అక్కగారు సామాన్యురాలు కాదు. అదే ఆసుపత్రిలో బట్టలు ఉతికే విభాగానికి పెద్ద. ఆవిరి బాయిలర్లు, పిండే మిషన్లు, గుట్టలకొద్దీ దుప్పట్లు, ఎనిమిదిమంది పనివాళ్లు ఆమె చేతికింద ఉండేవాళ్లు. ఆమె ఆరేస్తే దుప్పట్లు కూడా భయభక్తులతో నిటారుగా వేలాడేవని చెప్పుకునేవారు. తమ్ముణ్ణి చిన్నప్పుడు చంకనేసుకు తిరిగిన మనిషి కావడంతో, ఆయన బిరుదులేవీ ఆమె దగ్గర చెల్లేవి కావు. మేస్త్రి భార్యకి నూలుమిల్లులో షిఫ్టు ఉద్యోగం కనుక, పిల్ల బడి వదలగానే మేనత్త దగ్గరికి వచ్చేది. తండ్రి పని అయ్యేదాకా ఆ ఉతుకుడు గదే దానికి రెండో ఇల్లు.

పిల్లకి పదేళ్లప్పుడు ఈ మేనత్త సబ్బునీళ్ల మీద కాలుజారి పడింది. పెద్ద పడడం కూడా కాదు, మనిషి కూలబడిందంతే. ఎడమ మణికట్టు విరిగింది. మేస్త్రి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే ఆ కట్టు వేశాడు. కన్నీళ్ల సంగతి అలా ఉంచితే, కట్టు మాత్రం ఆయన జీవితంలోనే మేలైనదిగా వచ్చింది. పక్క వార్డుల నుంచి మనుషుల్ని పిలిచి మరీ చూపించాడు. ఆ సమయంలోనే ఎముకల డాక్టరమ్మ ఆ బల్ల పక్కనే నిలబడి అక్కగారికి ఒక సంగతి చెప్పింది. ఇంత చిన్న పడడానికి ఎముక విరగకూడదు, మీది పలచబడింది, ఆడవాళ్లకి ఈ వయసులో అలా అవుతుంది, మందు వాడండి, నడవండి, ఉన్నదాన్ని కాపాడుకుందాం. కొత్త ఎముక దండిగా పోసుకునే కాలం మాత్రం చిన్నతనమే, ముఖ్యంగా ఆడపిల్ల పెద్దమనిషి కావడానికి కాస్త ముందూ తరవాతా ఉన్న ఆ కొన్నేళ్లూ. ఆ ఏళ్లలో ఎగిరి దూకి ఆడిన పిల్లలు ముసలితనానికి సరిపడా కట్టుకుంటారు. మీ ఇంట్లో ఆడపిల్ల ఉందా?

ఉంది. మందుల స్టోరు గుమ్మంలో కూర్చుని, ఎవరివో నీళ్లసీసాలు కాకపోయినా అలవాటుకొద్దీ మేనత్త చెప్పులకి కాపలా కాస్తోంది.

డాక్టరమ్మ చెప్పినదంతా అక్కగారు విన్నది. మేస్త్రి వినలేదు. బొటనవేలి దగ్గర ఒక మడత సరిగ్గా కూర్చోలేదని ఆయన మనసు అక్కడుంది.

ఉతుకుడు గది వెనక సిమెంటు చేసిన పెరడు, పెరడు చివర కిటికీ లేని నున్నటి ఎత్తు గోడ ఉన్నాయి. రిటైరైపోతూ ఒక మేట్రన్ వదిలేసిన టెన్నిస్ రాకెట్టు దుప్పట్ల బీరువా మీద దుమ్ము కొట్టుకుని ఉంది. కట్టు విప్పిన వారంలోనే అక్కగారు ఆ రాకెట్టు దులిపి మేనకోడలి చేతికిచ్చి, గోడ చూపించింది. ఆపైన ఆ గోడకి సాయంత్రాలు విశ్రాంతి లేకుండా పోయింది.

ఆ చప్పుడు కట్ల గదిలోకి శుభ్రంగా వినిపించేది. ధప్పు, ధప్పు, ధప్పు. మేస్త్రి దాన్ని దుప్పట్లు బాదుతున్న చప్పుడనుకున్నాడు. బల్ల మీదున్న రోగికి, వింటున్నారా, మా అక్కగారి దగ్గర పనంటే అదీ, మిషన్లొచ్చినా చేతి ఉతుకు మానలేదు అని గర్వంగా చెప్పుకునేవాడు. మిషన్లొచ్చాక ఎవరూ ఏదీ బాదడం లేదన్న సంగతి ఆయనకి చెప్పే ధైర్యం ఆసుపత్రిలో ఎవరికీ లేకపోయింది. అక్కగారి మనుషులు ఎనిమిదిమందికీ నోళ్లున్నాయి కానీ, ఆ నోళ్ల తాళంచెవులు ఆమె నడుమున ఉండేవి.

గోడతో ఆడేది ఏముంది, అది ఎప్పుడూ ఓడిపోదు. రెండేళ్లయ్యాక అక్కగారు పిల్లను వీధి చివర కోర్టుకి తీసుకెళ్లి, అక్కడ టెన్నిస్ నేర్పే గురువుగారికి అప్పగించింది. పిల్ల తల్లికి ఈ సంగతి మొదటినుంచీ తెలుసు. బూట్లు ఆవిడే కొంది. పిల్ల ఎదిగింది, గెలవడం మొదలుపెట్టింది. గెలిచిన కప్పుల్ని ఇంటికి తీసుకెళ్లే వీలులేక ఉతుకుడు గదిలోనే ఉంచారు. వాటిలో పెద్దదానితో బట్టల సోడా కొలిచేవారు. ఆ కొలత భలే కుదిరిందని పనివాళ్ల మాట.

పిల్లకి పదిహేనేళ్లు వచ్చేసరికి చిక్కు వచ్చిపడింది. రాష్ట్ర జట్టుకి ఎంపిక పోటీలు పెడుతున్నారు. ఎంపికైతే నెలరోజులు వేరే ఊళ్లో శిక్షణ. గురువుగారు అంతవరకూ ఊరుకున్నవాడల్లా, ఇక దొంగాట నా వల్ల కాదు, తండ్రి ఒప్పుకుని స్వయంగా తీసుకొస్తేనే పేరు పంపుతాను అని తెగేసి చెప్పాడు. పిల్ల మొహం చిన్నబోయింది. అయిదేళ్లుగా దానికున్న ఆశంతా ఆ జట్టే. తండ్రి కాదంటే అది గోడ దగ్గర మొదలై గోడ దగ్గరే ఆగిపోతుంది. ఆయన అవునంటాడని నమ్మడానికి ఇంట్లో ఉన్న ఏ వస్తువూ, ముఖ్యంగా ఆ కోళ్లు కోసిన మంచం, ఏ ఆధారమూ ఇవ్వడం లేదు.

ఆదివారం నేను చెబుతానులే అంది మేనత్త. ఎవరికీ జంకని మనిషి, ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఎలా చెప్పాలో రెండుమూడుసార్లు లోలోపల అనుకోవడం పనివాళ్లు చూశారు.

ఆదివారం రాకముందే పిల్ల పడింది. తల మీదుగా పోయిన బంతి కోసం వెనక్కి పరిగెత్తి, మడమ తట్టుకుని, ఎడమ చెయ్యి కిందపెట్టి పడింది. మణికట్టు వాచింది. ఊళ్లో ఎముకలు చూసే చోటు ఒకటే, అందులో కట్లు వేసే మనిషి ఒక్కడే కావడంతో దాచే మార్గం లేకపోయింది. బడి మెట్ల మీద జారానని చెప్పమని అక్కగారు నేర్పింది. మెట్ల పేరు వినగానే మేస్త్రి మొహం తెల్లబడింది. మెట్ల సంగతి ఆయన ఎప్పటినుంచో అనుమానిస్తూనే ఉన్నాడు.

ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో మామూలుగానే గీతలుంటాయి, అవి చూడ్డానికి పగుళ్లలా ఉంటాయి. అందుకని దెబ్బ తగిలిన చేతితో బాటు రెండో చేతికి కూడా ఫిల్ము తీసి పక్కపక్కన పెట్టి చూస్తారు. ఎక్సరే ఆపరేటరు అలాగే తీసిచ్చాడు. డాక్టరమ్మ ఇంకా రాలేదు. మేస్త్రి రెండు ఫిల్ములూ వెలుతురు పెట్టెకి తగిలించి ముందు ఎడమది చూశాడు. పగులు లేదు. ఊపిరి పీల్చుకున్నాడు. కుడిది చూశాడు. మళ్లీ ఎడమది చూశాడు. కళ్లజోడు తుడుచుకుని ఇంకోసారి చూశాడు.

రెండూ ఒకే మనిషివి కావు.

మనలాంటివాళ్లకి ఆ తేడా పట్టించి చూపినా తెలియదేమో. కానీ రోజుకి పాతిక ఫిల్ములు చూసే కన్ను ఆయనది. ఎడమచేతి ఎముకలు ఆ వయసు పిల్లకి ఉండాల్సినట్టే ఉన్నాయి. కుడిచేతి ఎముకలు లావుగా ఉన్నాయి, వాటి గోడలు దళసరిగా, తెల్లగా మెరుస్తున్నాయి. ఒకటి తన కూతురిది. రెండోది ఏ బరువులు మోసే పిల్లదో, ఎవరో. ఆపరేటరు ఫిల్ములు కలిపేశాడు.

మేస్త్రి ఎక్సరే గదిలోకి నడిచి, ఆసుపత్రుల్లో ఇలాంటి పొరపాట్ల వల్ల ఎన్ని ఘోరాలు జరుగుతాయో శాంతంగా వివరించాడు. ఆపరేటరు నొచ్చుకున్నాడు. తను ప్రతి ఫిల్ము మీదా కుడి ఎడమలకి సీసపు గుర్తు పెట్టనిదే మీట నొక్కడు. పైగా ఆ పూట వచ్చింది ఈ పిల్లా, ఒక బట్టతల పెద్దమనిషీ, అంతే. ఆ పెద్దమనిషి చెయ్యి కూడా కాదు, మోకాలు. మాటామాటా పెరిగింది. చివరికి మళ్లీ తియ్యాల్సిందేనని మేస్త్రి పట్టుబట్టి, పిల్ల చెయ్యి తనే బల్ల మీద సర్ది, తలుపు వేసేదాకా అది మరో చెయ్యిగా మారకుండా కనిపెట్టి చూశాడు.

కొత్త ఫిల్ములు వచ్చాయి. అచ్చం పాతవాటిలాగే ఉన్నాయి.

అప్పుడు ఆయన కోపం దిగిపోయి, ఆ జాగాలో భయం ఎక్కింది. ఫిల్ములు మారలేదు కనుక చెయ్యే మారి ఉండాలి. ఎముక ఒకవైపే లావెక్కిందంటే దానికి ఆయనకి తెలిసిన కారణాలు ఒకటో రెండో, వాటిలో ఒక్కటీ మంచిది కాదు. పిల్లను కాస్త మంచినీళ్లు తాగమన్నాడు. డాక్టరమ్మ రాగానే ఫిల్ములు పట్టుకుని, పిల్లను వెంటబెట్టుకుని ఆమె గదికి వెళ్లాడు.

డాక్టరమ్మ వాటిని వెలుతురుకి పెట్టి చాలాసేపు చూసింది. ఎడమ మణికట్టు నొక్కి, తిప్పి చూసి, బెణికిందంతే అంది. తరవాత పిల్ల కుడి అరచెయ్యి తీసుకుని, చూపుడువేలి మొదట్లో ఉన్న కాయ మీద బొటనవేలితో రాసింది.

"ఏం ఆడతావు?" అని అడిగింది.

మా అమ్మాయి ఏదీ ఆడదండీ అన్నాడు మేస్త్రి. ఆ మాట అనడంలో, ఆ భయంలోనూ, పాత గర్వం కాస్త తొంగిచూసింది.

"మేస్త్రిగారూ, నేను చేతిని అడుగుతున్నాను. ఇది అయిదారేళ్లుగా ఆడుతున్న చెయ్యి."

పిల్ల నేల చూసింది. తరవాత తలెత్తి, టెన్నిస్ అంది.

మేస్త్రి ముందు అడిగింది ఎవరు నేర్పారనీ కాదు, ఎక్కడనీ కాదు. "ఇదివరకెప్పుడైనా పడ్డావా?"

"చాలాసార్లు పడ్డాను నాన్నా."

"నాకెందుకు తెలీదు?"

"విరగలేదు కదా. విరగనప్పుడు నీ దగ్గరికి ఎందుకు వస్తాను?"

ఆ పిల్ల ఎదురుచెప్పాలని అన్న మాట కాదు. నిజంగానే సందేహపడి అడిగింది. కానీ ఇరవై ఏళ్లుగా తన గుమ్మం తొక్కని ఆ వందమందీ ఒక్కసారిగా వచ్చి వరుసలో నిలబడినట్టు మేస్త్రి మొహం పెట్టాడు.

డాక్టరమ్మ ఆ పూట తొందరలో లేదు. ఎముక రాయి కాదని, అడిగినవాళ్లకి అడిగినంత ఇచ్చే జీవమున్న పదార్థమని చెప్పింది. రాకెట్టుకి బంతి తగిలినప్పుడల్లా చేతి ఎముకకి ఒక కుదుపు. ఆ కుదుపుకి ఎముక తన గోడలు మందం చేసుకుంటుంది. ఎదిగే వయసులో అయితే రెట్టింపు ఉత్సాహంతో చేసుకుంటుంది. గెంతినప్పుడు నేల తిరిగి కొట్టే దెబ్బ తుంటికీ కాళ్లకీ అదే మేలు చేస్తుంది. కాళ్లు రెండూ కలిసి గెంతుతాయి కనుక అక్కడ పోల్చి చూడ్డానికి మనకి ఇంకో కాలు మిగలదు. చేతుల దగ్గరైతే ఆడిన చెయ్యీ ఆడని చెయ్యీ ఒకే పిల్లకి ఉన్నాయి, ఒకే తిండి తిన్నాయి, ఒకే ఇంట్లో పెరిగాయి.

"చూడండి," అని ఆమె పెన్ను మూతతో ఒక్కొక్క ఫిల్మూ తట్టింది. "ఈ ఎడమది మీరు పెంచిన చెయ్యి. ఈ కుడిది ఇంకెవరో పెంచారు."

ఆ ఇంకెవరో అప్పటికి గుమ్మంలో నిలబడి ఉంది. చేతులకి సబ్బు నురగ ఇంకా ఆరలేదు. మేస్త్రి అక్కను చూశాడు. నువ్వా అని అడగలేదు. అయిదేళ్లపాటు రోగులందరికీ తను పొగిడి చెప్పిన ఆ ఉతుకు ఏమిటో ఆయనకి ఒక్కొక్కటే అర్థమవుతోంది. నాకు చెప్పకుండా నా పిల్ల ఎముకలతో చెలగాటమా అని నెమ్మదిగా అన్నాడు. అంతకంటే గట్టిగా ఆమెను ఎప్పుడూ ఏమీ అనలేదు.

అక్కగారు లోపలికి వచ్చి, ఎడమ మణికట్టు ముందుకి చాపింది. అతుక్కున్న చోట ఎముక కాస్త వంకర.

"నాది విరిగినప్పుడు కట్టు ఎంత నున్నగా వచ్చిందో ఊరందరికీ చూపించావురా. అది ఎందుకు విరిగిందో ఒక్కరినైనా అడిగావా?"

స్నానాల గదుల మీద మేస్త్రి నడిపించిన కేసు ఆ క్షణాన కొట్టుకుపోయింది.

డాక్టరమ్మ ఆయన మీద జాలిపడి, ఒక విషయంలో మీ భయం పనికొస్తుంది అంది. ఆట ఒక్కటే చాలదు. ఆడినంత తినాలి, పాలూ పప్పులూ ఆకుకూరలూ అన్నీ కావాలి, ఎండ తగలాలి, నిద్ర కావాలి. సన్నగా ఉండాలని కడుపు మాడ్చుకుని పరిగెత్తే పిల్లలకి నెలసరి ఆగిపోతుంది, ఎముక పలచనవుతుంది, చివరికి నడుస్తుంటేనే పగులుతుంది. పోయినేడు పరుగుపందాల పిల్లకి మీరే కదా కట్టారు? ఆమె తిండి మానేసింది. ఆ పగులు పరుగు వల్ల అని మీరు వరండా అంతా చాటారు. మేస్త్రికి ఆ పిల్ల గుర్తుంది. చాటింపు కూడా గుర్తుంది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి భార్యకి సంగతంతా చెప్పాడు. ఆవిడ వింటూ వింటూ కూరగాయలు తరిగి, అయ్యాక, ఇప్పుడు తెలిసిందా అని, ఎంపిక పోటీల సంగతీ గురువుగారు పెట్టిన షరతూ చెప్పింది. ఆయన ఇంకేమీ అడగకుండా పోయి ఆ పొట్టి మంచం మీద కూర్చున్నాడు. మోకాళ్లు గడ్డానికి తగిలాయి.

మర్నాడు కట్టు మీద పేరు రాయించుకొచ్చిన కుర్రాణ్ణి చూసినా ఆయన ప్రాణం చివుక్కుమనలేదు. పిల్ల బడి నుంచి వచ్చి ఉతుకుడు గదిలో మడతబెట్టిన దుప్పట్ల మధ్య కూర్చుంది. రాకెట్టు ముట్టుకోలేదు. మేనత్త కూడా ముట్టుకోమనలేదు. పని ముగిసే వేళకి కట్ల గది నుంచి కబురొచ్చింది, అమ్మాయిని రమ్మంటున్నారు, వచ్చేటప్పుడు బంతి ఒకటి తెమ్మన్నారు.

మేస్త్రి బల్ల మీద సాగే గుడ్డచుట్టలు రెండు మూడు వెడల్పుల్లో సిద్ధంగా పెట్టుకున్నాడు. పిల్ల ఎడమ చెయ్యి తీసుకుని, అరచేతి నుంచి మోచేతి వైపు కట్టడం మొదలుపెట్టాడు. కడుతూ, ఆట మొదలుపెట్టేటప్పుడు బంతి ఏ చేత్తో పైకి వేస్తావని అడిగాడు. ఈ చేత్తోనే అంది పిల్ల.

"ఏదీ, వెయ్యి."

వేసింది. బంతి వంకరగా పోయి మందుల బీరువాకి తగిలింది. బొటనవేలి దగ్గర పట్టేస్తోంది నాన్నా అంది. ఆయన కట్టు విప్పేశాడు. బొటనవేలు వదిలేలా మళ్లీ కట్టాడు. మళ్లీ వెయ్యమన్నాడు. ఈసారి బంతి నిటారుగానే లేచింది కానీ మణికట్టు వెనక్కి వంగినప్పుడు నొప్పి అంది. మళ్లీ విప్పాడు. చూసినవాళ్లు చెప్పేదేమంటే, సొంత అక్క చేతికి కూడా ఆయన అంత సేపు తీసుకోలేదు. వేళ్లు స్వేచ్ఛగా ఆడాలి, మణికట్టు కదలకూడదు, బంతి పట్టు జారకూడదు. అలాంటి కట్టు ఆయన నేర్చిన పద్ధతుల్లో లేదు. కదలకుండా ఉంచడమే ఆయన వృత్తి. కదలడానికి కట్టడం అదే మొదలు.

నాలుగో, అయిదో కట్టుకి బంతి తిన్నగా లేచి, పైకప్పు దాకా పోయి, తిన్నగా దిగి చేతిలో పడింది. కప్పు నుంచి కాస్త సున్నం రాలి బకెట్టులో పడింది. మేస్త్రి బకెట్టు వైపు చూడనైనా లేదు.

"కోర్టులో కప్పు ఉండదుగా?" అని అడిగాడు.

"ఉండదు నాన్నా."

"అయితే ఇంకా పైకి వెయ్యచ్చు."

పోటీలకి తీసుకెళ్తాననే మాట ఆయన నోటితో అనలేదు. సూపరింటెండెంటుకి సెలవు చీటీ రాసి, కారణం దగ్గర కుటుంబంలో టెన్నిస్ అని పెట్టాడు. ఆ కారణానికి సెలవు ఇవ్వచ్చో లేదో నియమావళిలో లేదు. సూపరింటెండెంటు దాన్ని రెండుసార్లు చదివి, కోలుకోవాలని ఆకాంక్షిస్తూ మంజూరు చేశాడు.

ఎంపిక పోటీల నాటికి వాపు పోయింది, డాక్టరమ్మ సరేనంది. మేస్త్రి మాత్రం కట్టు ఒకటి వేసే పంపాడు. తండ్రి స్వయంగా రావడంతో గురువుగారు లేచి కుర్చీ ఇచ్చాడు. ఆయన కూర్చోకుండా ముందు కోర్టు చుట్టూ నడిచి, నేల చెప్పుకాలితో తట్టి చూసి, ఫరవాలేదన్నాడు. తరవాత అక్క పక్కన బెంచీ మీద చేరాడు. అక్కగారు ఇస్త్రీ చీరలో, ఎవరో తనకి పతకం ఇవ్వబోతున్నట్టు కూర్చుని ఉంది. మధ్యలో పెద్ద తిండి సంచి. ఆడినంత తినాలన్న మాటను మేస్త్రి అక్షరాలా పాటించాడు. ఆ సంచితో జట్టు మొత్తం వారం బతకొచ్చు.

పిల్ల ఆ రోజు రెండు ఆటలు గెలిచి, మూడోది హోరాహోరీగా పోరాడి ఓడింది. జట్టులో చోటు మాత్రం దొరికింది. అదంతా రికార్డుల్లో ఉంటుంది. రికార్డుల్లో లేనిది రెండో ఆటలో జరిగింది.

నెట్ దగ్గర పడుతున్న బంతి కోసం పిల్ల ముందుకి దూసుకొచ్చి, అందుకుని, అవతలికి కొట్టి, ఆ ఊపులోనే బోర్లా పడింది. మోకాలూ మోచెయ్యీ నేలకి కొట్టుకున్న చప్పుడు బెంచీల దాకా వినిపించింది. అక్కగారి చెయ్యి తమ్ముడి చొక్కా పట్టుకోవడానికి సగం దాకా లేచింది. అవసరం లేకపోయింది. మేస్త్రి లేవలేదు. రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుని ఉన్నాడు, వేళ్లు సుద్దలా తెల్లబడ్డాయి.

పక్కన కూర్చున్న పెద్దావిడ, ఎవరి తాలూకో, చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యో పాపం, ఆడపిల్లకి ఇలాంటి ఆటలెందుకండీ, చెయ్యో కాలో విరిగితే ఏం గతి, ఎవరైనా వెళ్లి లేపి బయటికి తీసుకొస్తే బాగుండు అని ఆయన వైపు తిరిగి అంది.

కోర్టులో పిల్ల మోకాలు మీద లేచి, మోచేతికి అంటిన మట్టి దులుపుకుని, రాకెట్టు కోసం చుట్టూ చూస్తోంది.

"ఏమీ కాదమ్మా," అన్నాడు మేస్త్రి, బల్ల మీదున్న రోగికి చెప్పే గొంతుతో. "ఆ ఎముకలు నేను చూశాను. ఆడనివ్వండి."